గూన పెంకులా కనిపించే సిమెంటు పెంకు: ఏం చూసి ఎంచుకోవాలి

ఈసారి ఇంటి పైకప్పు గురించి మాట్లాడదాం. ముఖ్యంగా మన పాత గూన పెంకులాగా వంపు తిరిగి ఉండే సిమెంటు పెంకు గురించి. ఇక్కడ ఇల్లు కొనుక్కున్నవాళ్ళు అడుగుతున్నారు, గల్ఫ్‌లో ఉండి ఊళ్ళో ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళూ అడుగుతున్నారు. కప్పు ఎక్కి పనిచేసే తమ్ముళ్ళకు కూడా ఇందులో ఒక మాట ఉంది, అది చివర్లో చెబుతాను.

నేను సైట్ సూపర్‌వైజర్‌గా చేసేది డబ్లిన్‌లో. ఐర్లండ్ డబ్లిన్ కాదండీ, కాలిఫోర్నియాలో అలమీడా కౌంటీ డబ్లిన్. 580, 680 హైవేలు కలిసేచోట ఉంటుంది. మనవాళ్ళు బాగా ఉన్న ఊరు. టస్సహారా రోడ్డు వైపు కొండల మీద 1990ల చివర్నుంచి కట్టిన ఇళ్ళు వరసలు వరసలుగా ఉంటాయి. డబ్లిన్ రాంచ్, పాజిటానో, ఇలా పేర్లు. పై నుంచి చూస్తే చాలాచోట్ల ఒకటే రంగు: ఇటుక రంగుకీ తేనె రంగుకీ మధ్య, అలలు అలలుగా కప్పులు.

ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు సాయంత్రం వాకింగ్‌కి వెళ్తూ ఈ కప్పుల్ని చూసి ఆగిపోతారు. ఒకసారి మేము ఒక ఇంటి దగ్గర పెంకులు దించుతుంటే ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డారు. ఒక పెంకు చేతిలోకి తీసుకుని, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి విన్నారు. "బాబూ, ఇది మన గూన పెంకే కదా, మరి కంగుమనడం లేదేంటి?" అన్నారు. "ఇది మట్టిది కాదు బాబాయ్ గారూ, సిమెంటుది. కాల్చరు, అచ్చు పోస్తారు" అన్నాను. "ఓహో, వేషమన్నమాట" అని నవ్వి వెళ్ళిపోయారు.

ఆయన అన్నది తప్పేం కాదు. మనూళ్ళో గూన పెంకు ఎలా చేసేవాళ్ళో గుర్తుందా? కుమ్మరి సారె మీద మట్టిని గొట్టంలాగా లేపి, ఒక కొస కొంచెం సన్నంగా చేసి, ఆరాక దాన్ని నిలువునా రెండు చేసి ఆవంలో కాల్చేవాడు. కప్పు మీద ఒక వరస వెల్లకిలా, దాని అంచుల మీద ఇంకో వరస బోర్లా. వెల్లకిలా పెంకుల్లోంచి నీళ్ళు కాలవలా పారి చూరు దాకా వచ్చేవి. మేకుల్లేవు, బరువే దానికి కాపలా. కోతులు గెంతినా, గాలి తోసినా పెంకులు జరిగేవి. అందుకే ఏటా వానాకాలం ముందు మనిషిని పెట్టి పెంకు సర్దించుకునేవాళ్ళు.

కాలిఫోర్నియాకి ఈ వంపు పెంకు స్పెయిన్ వాళ్ళతో వచ్చింది. డబ్లిన్‌కి దగ్గర్లోనే ఫ్రీమాంట్‌లో మిషన్ శాన్ హోసే అనే పాత చర్చి ఉంది, 1797లో స్థాపించారు. ఆ మిషన్ల కాలంలో పెంకుల్ని కర్ర అచ్చు మీద వంచేవాళ్ళు. తర్వాత 1915లో శాన్ డియాగోలో పెద్ద ఎగ్జిబిషన్ జరిగాక స్పానిష్ తరహా ఇళ్ళంటే ఇక్కడ మోజు పెరిగింది, ఆ మోజు ఇంకా దిగలేదు. మా సైట్‌లో మెక్సికో కుర్రాళ్ళు ఇప్పటికీ పెంకుని 'తేహా' అనే అంటారు.

ఇప్పటి సిమెంటు పెంకుని ఇక్కడ ఎస్-టైల్ అంటారు. వెల్లకిలా పెంకునీ బోర్లా పెంకునీ కలిపి ఒకే ముక్కగా పోస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పక్క నుంచి చూస్తే ఇంగ్లీషు ఎస్ అక్షరం పడుకున్నట్టు. సుమారు 17 అంగుళాల పొడవు, 12 అంగుళాల పైచిలుకు వెడల్పు, పై పెంకు కింద పెంకు మీదకి 3 అంగుళాలు ఎక్కుతుంది. 100 చదరపు అడుగులకి 88 దాకా పడతాయి. ఈ 100 అడుగుల్ని ఇక్కడ ఒక స్క్వేర్ అంటారు, లెక్కలన్నీ స్క్వేర్లలోనే. ఇసుక, సిమెంటు, రంగుపొడి, నీళ్ళు, అంతే సరుకు. బట్టీ ఖర్చు లేదు కాబట్టి మామూలుగా మట్టి పెంకు కంటే చవకగా వస్తుంది. ఈగిల్, వెస్ట్‌లేక్ లాంటి కంపెనీలవి ఇక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. పెంకు ఎత్తు వంపా, మధ్యరకం వంపా, బల్లపరుపా అన్నదాన్ని బట్టి పేర్లు మారతాయి. మనకి గూన పెంకు పోలిక కావాలంటే ఎత్తు వంపు రకం.

ఇక అసలు విషయానికి వస్తాను. షోరూమ్‌కి వెళ్ళినవాళ్ళు అందరూ గంటసేపు రంగు చూస్తారు, వంపు చూస్తారు. పెంకు కింద ఏం పరుస్తారని అడిగేవాళ్ళు పదిమందిలో ఒకరు ఉంటే గొప్ప. ఇక్కడి కప్పులో వాన నీటిని ఆఖరుగా ఆపేది పెంకు కాదు. పెంకు ఎండని ఆపుతుంది, వడగళ్ళని ఆపుతుంది, నీళ్ళలో ఎక్కువ భాగాన్ని దొర్లించేస్తుంది. కానీ గాలివాన కొట్టినప్పుడు కొంత నీరు పెంకు కిందకి వెళ్తుంది, వెళ్ళడానికి వీలుగానే కడతారు. ఆ నీటిని కిందకి జార్చేది చెక్క షీటు మీద పరిచిన అండర్‌లేమెంట్. పాత ఇళ్ళలో తారు పట్టించిన ఫెల్ట్, నల్ల కాగితంలా ఉంటుంది. ఇప్పుడు సింథటిక్ రకాలు, అంటుకునే రకాలు కూడా వచ్చాయి.

సిమెంటు పెంకు యాభై ఏళ్ళు ఉంటుందంటారు, ఉంటుంది కూడా. ఫెల్ట్ అన్నాళ్ళు ఉండదు. ఇరవై, ముప్ఫై ఏళ్ళకి ఎండిపోయి, మేకుల దగ్గర చిరిగి, చేత్తో పట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. చూరు అంచున, రెండు వాలులు కలిసే లోయలో ముందుగా పోతుంది. ఇప్పుడు లెక్క వేయండి. 1998లో, 2002లో కట్టిన ఇళ్ళకి ఇప్పుడు ఎన్నేళ్ళు? అందుకే ఈ మధ్య డబ్లిన్‌లో, పక్కన శాన్ రమోన్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో సీలింగ్ మీద పసుపు మరకలు కనిపిస్తున్నాయి. బయటికెళ్ళి చూస్తే పెంకులన్నీ బాగానే ఉంటాయి, ఒక్కటీ పగల్లేదు. వాళ్ళకి అర్థం కాదు.

మొన్నామధ్య ఒక తెలుగు కుటుంబం ఇలాగే రెండు కొటేషన్లు తీసుకుని నాకు చూపించారు. ఒకాయన ఏమన్నాడంటే, పెంకు అయిపోయింది, మొత్తం పీకేసి కొత్త పెంకు వేయాలని. రెండో ఆయన పెంకులు ఎత్తి పక్కన పేర్చి, పాత ఫెల్ట్ తీసేసి, పుచ్చిన చెక్క మార్చి, కొత్త అండర్‌లేమెంట్ వేసి, అవే పెంకులు మళ్ళీ వేస్తానన్నాడు. దీన్ని లిఫ్ట్ అండ్ రీలే అంటారు. రెండిటికీ తేడా చాలానే ఉంది. నేను ఎక్కి పది చోట్ల పెంకు లేపి చూశాను. పెంకు గట్టిగా ఉంది, ఫెల్ట్ బూడిద. రెండోదే చేయించుకున్నారు. మన గ్రామాల్లో ఏటా పెంకు సర్దించుకునేవాళ్ళం కదా, అదే పని ఇక్కడ పాతికేళ్ళకోసారి వస్తుందనుకోండి. కొత్తగా కప్పు వేయించుకునేవాళ్ళకి నా మాట ఒక్కటే: పెంకులో ఒక మెట్టు తగ్గినా పర్వాలేదు, అండర్‌లేమెంట్‌లో తగ్గకండి. కొటేషన్ కాగితం మీద దాని పేరు, ఎన్ని పొరలు, లోయల్లో ఏ రేకు అని రాయించుకోండి. "అన్నీ వేస్తాం సార్" అనే మాట కాగితం కాదు.

వాలు కూడా చూడాలి. 12 అంగుళాల అడ్డానికి కనీసం రెండున్నర అంగుళాల లేవడం ఉంటేనే కోడ్ పెంకు వేయనిస్తుంది. రెండున్నర నుంచి నాలుగు మధ్య ఉంటే అండర్‌లేమెంట్ రెండు పొరలు. పాటియో మీద దాదాపు చదునుగా ఉన్న కప్పుకి కూడా అదే పెంకు కావాలని పట్టుబట్టేవాళ్ళుంటారు, అందం కోసం. వద్దండీ.

తర్వాత బరువు. మామూలు సిమెంటు పెంకు ఒక స్క్వేర్‌కి 900 నుంచి 1,000 పౌండ్లు, అంటే 400 కిలోల పైమాట. 2,500 చదరపు అడుగుల కప్పు అనుకుంటే 10 టన్నులు దాటుతుంది. అదే కప్పుకి మామూలు తారు షింగిల్ రెండు మూడు టన్నులు. టస్సహారా వైపు ఇళ్ళు మొదట్నుంచీ పెంకు బరువుకే డిజైన్ చేశారు కాబట్టి దిగుల్లేదు. కానీ పశ్చిమ డబ్లిన్‌లో 1960ల్లో కట్టిన పాత ఇళ్ళున్నాయి, వాటి వాసాలు తేలిక కప్పుకి పెట్టినవి. అలాంటి ఇల్లు కొనుక్కుని, కొండ మీద ఇళ్ళలాగా పెంకు కావాలంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడాలి, సిటీ పర్మిట్ తీసుకోవాలి. తేలిక రకం సిమెంటు పెంకులు కూడా ఉన్నాయి, 600, 700 పౌండ్ల దగ్గర. వాటికి ఒక చిక్కుంది: కాలు పడితే తొందరగా విరుగుతాయి. గట్టర్ శుభ్రం చేసేవాడు, సోలార్ వాడు, డిష్ వాడు, అందరూ ఎక్కే కప్పు అది. ఇల్లు మోయగలిగితే నేను మామూలు బరువే చెబుతాను.

బరువు గురించి ఇంత నొక్కి చెప్పడానికి కారణం భూకంపం. కాలవెరాస్ ఫాల్ట్ మా ఊరి పడమటి వైపు నుంచే వెళ్తుంది, ఆ కొండల అవతల హేవర్డ్ ఫాల్ట్. ఇందాక చెప్పిన మిషన్ శాన్ హోసే మట్టి ఇటుకల చర్చి 1868 హేవర్డ్ భూకంపంలో కూలిపోయింది, ఇప్పుడు చూసేది 1985లో తిరిగి కట్టింది. నెత్తి మీద బరువు ఎంత ఎక్కువైతే ఊపు అంత ఎక్కువ. అందుకే పెంకుని ఊరికే రీపర్‌కి తగిలించి వదిలేయకూడదు, కోడ్ ప్రకారం మేకో స్క్రూవో పడాలి. కొప్పు పెంకులు, అంచు పెంకులు మరీ ముఖ్యం. కింద నడిచే మనిషి మీద పడేవి అవే.

వంపు పెంకుకే ఉన్న ఇంకో సమస్య చూరు దగ్గర. బల్లపరుపు పెంకుకి ఇది ఉండదు. ప్రతి వంపు కిందా ఒక రంధ్రం, పిడికిలి పట్టేంత. మనూళ్ళో అందులో పిచ్చుకలు గూడు పెట్టేవి, మనం సంతోషించేవాళ్ళం. ఇక్కడ ఆ ఎండు గడ్డి గూడే ప్రమాదం. 1991 అక్టోబర్‌లో ఇదే కౌంటీలో ఓక్లాండ్ కొండల మీద మంటలు వచ్చినప్పుడు 25 మంది చనిపోయారు, ఇళ్ళు వేలల్లో కాలిపోయాయి. చెక్క పెంకుల కప్పులు మీద పడిన నిప్పురవ్వలతోనే అంటుకున్నాయి. సిమెంటు పెంకు కాలదు, దానికి క్లాస్ ఏ రేటింగ్ వస్తుంది, నిజమే. కానీ గాలికి ఎగిరొచ్చిన రవ్వ చూరు రంధ్రంలో దూరితే లోపల ఉన్నది ఎండు గడ్డి, తారు కాగితం, చెక్క. అందుకే అడవిమంట ప్రమాదం ఉన్న ప్రాంతాల్లో ఆ ఖాళీల్ని రవ్వలు దూరకుండా మూయాలని కాలిఫోర్నియా నియమం. ఆ మూతని బర్డ్ స్టాప్ అంటారు. పాత ఇంట్లో అది ఊడిపోయిందేమో, కింద నిలబడి పైకి చూస్తేనే తెలుస్తుంది. ఈ ఆదివారం చూడండి.

రంగు. మట్టి పెంకుకి రంగు మట్టిలోనే ఉంటుంది, నూరేళ్ళయినా పోదు. సిమెంటు పెంకు రెండు రకాలు. ఒకటి, రంగు మొత్తం ముద్దలోనే కలిపినది. రెండోది, బూడిద రంగు పెంకు మీద పైపూత పోసినది. పైపూత మొదట్లో మెరుస్తూ బాగుంటుంది, తర్వాత వెలుస్తుంది, కోసిన చోట బూడిద రంగు బయటపడుతుంది. శాంపిల్ ముక్కని విరిచి చూపించమని అడగండి, ఏ రకమో చెప్పేస్తుంది. ఇంకోటి, ఒకే పెంకు చూసి రంగు ఖాయం చేయకండి. నాలుగైదు పెంకులు పక్కపక్కన పెట్టి, ఎండలో ఒకసారి, నీళ్ళు చల్లి ఒకసారి చూడండి. కొత్త పెంకు మీద తెల్లగా ఉప్పు పూసినట్టు వస్తే కంగారు పడక్కర్లేదు. సిమెంటులోని సున్నం పైకి వచ్చింది, వానలకి, ఎండలకి మెల్లగా పోతుంది. యాసిడ్‌తో కడిగిస్తామనేవాళ్ళని మాత్రం కప్పెక్కనివ్వకండి. హెచ్‌ఓఏ ఉన్నచోట రంగుకి వాళ్ళ అనుమతి ముందే కావాలి, అడ్వాన్స్ ఇచ్చాక కాదు.

ఇప్పుడు కువైట్ తమ్ముడి ప్రశ్న. రాజంపేట దగ్గర ఇల్లు కడుతున్నాడట. "అన్నా, మావైపు అన్నీ మిద్దెలే, నాకు పెంకుటిల్లు కళ కావాలి, వాలు స్లాబ్ పోసి మీ అమెరికా పెంకులాంటిది అతికిద్దామంటున్నాడు మేస్త్రి" అని. తమ్ముడూ, కళ కోసం వేసుకో, తప్పు లేదు. కానీ పైన చెప్పిందే నీకూ వర్తిస్తుంది. నీ ఇంటికి వాన ఆపేది స్లాబ్, దాని మీద వాటర్‌ఫ్రూఫింగ్. పెంకు అతికించాక లీకు వస్తే ఎక్కడ వచ్చిందో కనుక్కోవడానికి పెంకులన్నీ పగలగొట్టాలి. కాబట్టి ముందు స్లాబ్‌ని బాగా క్యూరింగ్ చేయించు, వాటర్‌ఫ్రూఫ్ పూత వేయించు, నీళ్ళు పట్టి చూడు, ఆ తర్వాతే పెంకు. కుదిరితే సిమెంటు ముద్దలో అతికించకుండా రీపర్ల మీద స్క్రూలతో వేయించు. పెంకుకీ స్లాబ్‌కీ మధ్య గాలి ఆడితే ఇంట్లో వేడి తగ్గుతుంది, మీ కడప ఎండలకి అది చిన్న లాభం కాదు. రేపు ఒక పెంకు పగిలితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. స్లాబ్ లేకుండా ఇనుప పైపుల ఫ్రేమ్ మీద పెంకు వేసేవాళ్ళు, అందులోనూ కోస్తా వైపు, ప్రతి పెంకుకీ స్క్రూ వేయించాల్సిందే. 2014 హుద్‌హుద్‌కి విశాఖలో కప్పులు ఎలా ఎగిరాయో మర్చిపోలేదుగా.

ఇంకో మాట కూడా. నీకు దగ్గర్లో నిజమైన మట్టి పెంకు మంచిది దొరుకుతుంటే, వేషం వేసిన సిమెంటు పెంకు కోసం లారీ కిరాయి పెట్టి దూరం నుంచి ఎందుకు తెప్పించుకోవడం? మనం బెంగళూరు పెంకు అని పిలిచేది అసలు మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ పెంకు. నూట యాభై ఏళ్ళ పైబడి మన వానల్లో నిలబడిన రకం. ఇక్కడ మేం సిమెంటుది వాడుతున్నామంటే ధర, సరఫరా, కోడ్, ఇవన్నీ కలిసొచ్చాయి. అక్కడ ఆ లెక్క వేరు. రెండు ధరలూ కనుక్కుని వేసుకో.

పని చేసే తమ్ముళ్ళకి, మీరు ఏ దేశంలో ఉన్నా సరే. సిమెంటు పెంకుని గ్రైండర్‌తో పొడిగా కోసినప్పుడు లేచే తెల్ల దుమ్ము మామూలు దుమ్ము కాదు. అందులో ఇసుక ఉంది, సిలికా. ఊపిరితిత్తుల్లో ఒకసారి దిగితే బయటికి రాదు. సిలికోసిస్‌కి నయం చేసే మందు లేదు. అమెరికాలో 8 గంటల పనికి సగటున ఒక ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములు మించకూడదని చట్టం, 2017 నుంచి కన్‌స్ట్రక్షన్ సైట్లలో అమలవుతోంది. 50 మైక్రోగ్రాములంటే కంటికి ఆనదు. అంటే దుమ్ము మేఘం కంటికి కనిపించిందంటే అప్పటికే చాలా ఎక్కువైందన్నమాట. నీళ్ళు పోసే కట్టర్‌తోనే కోయండి, వీలైతే కింద నేల మీద కోసి పైకి పంపండి. కప్పు మీద నీళ్ళు పోస్తే జారుతుంది కాబట్టి అక్కడ దుమ్ము లాగే వాక్యూమ్ ఉన్న మెషిన్ కావాలి. మొహానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు, సరిగ్గా పట్టే రెస్పిరేటర్ ఉండాలి. ఇవ్వకపోతే అడగండి. నా సైట్‌లో అడిగినవాడి మీద నేను కోపం చేసుకోను, అడక్కుండా కోసేవాడి మీదే చేసుకుంటాను.

పెంకు మీద నడిచేటప్పుడు నడి పెంకు మీద కాలు వేయకండి. కింది అంచు దగ్గర మూడు, నాలుగు అంగుళాల్లో, రెండు పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కేచోట వేయండి. అక్కడ బరువు కింద పెంకుకీ పంచుకుంటుంది. ఒళ్ళంతా పట్టే హార్నెస్ (నడుము బెల్టు సరిపోదు), తాడు ఉన్నాకే ఇదంతా.

ఆఖరుగా ఇంటివాళ్ళకి. పని అయ్యాక మిగిలిన పెంకుల్ని కాంట్రాక్టర్ తీసుకెళ్ళిపోతానంటాడు, ఖాళీ చేసి పెడతానంటాడు. ఒప్పుకోకండి. ఒక స్క్వేర్ కాకపోయినా ఒక ముప్ఫై, నలభై పెంకులు, నాలుగైదు కొప్పు పెంకులు ఇంటి పక్క సందులో గోడకి ఆనించి నిలువుగా పేర్చి పెట్టుకోండి. కంపెనీలు చేతులు మారతాయి, అచ్చులు మారతాయి, పదిహేనేళ్ళ తర్వాత అదే వంపు అదే రంగు దొరకదు. పాత అచ్చు పెంకు పక్కన కొత్త అచ్చుది లాక్ కూడా అవదు. ఆ పేర్చిన పెంకుల పైవరస మీద కంపెనీ పేరు, పెంకు పేరు, రంగు నంబరు, వేసిన సంవత్సరం పెయింట్ మార్కర్‌తో రాసి పెట్టండి. ఇల్లు అమ్మేస్తే కొన్నవాళ్ళకి పనికొస్తుంది.